గోతికి పూచీకత్తు

ఆముదాలంక,
కొత్తపేట దగ్గర.
3 నవంబరు 2025

అబ్రహాము మామయ్యగారికి,

ప్రసన్నకుమారి వందనాలు. ఇక్కడ అమ్మ, మా ఆయన, పిల్లలు అందరం బాగున్నాం. పార్వతీపురంలో చలి అప్పుడే మొదలైందని స్టెల్లా వదిన చెప్పింది. మఫ్లరు కట్టుకోకుండా చర్చికి వెళ్తున్నారట. కట్టుకోండి.

ఫోను చేస్తే మీకు వినపడదు, వాట్సాప్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయని మీరు చూడరు. అందుకని కాగితం మీదే రాస్తున్నాను. ఒకందుకు ఇదే మేలు. నోటితో చెప్పాల్సి వస్తే ఏడ్చేసేదాన్ని.

మన ఇటుకల బట్టీ మీద గనుల శాఖ వాళ్ళు ఆర్డరు ఇచ్చారు. సెప్టెంబరులో నలుగురు వచ్చి ఏటిగట్టు పక్కనున్న మెరక చేను కొలిచి వెళ్ళారు. అనుమతి తీసుకుని ప్రభుత్వానికి సీనరేజి రుసుము కట్టిన మట్టి కాక, ఇంకో పంతొమ్మిది వందల క్యూబిక్ మీటర్లు దొంగతనంగా తవ్వామని తేల్చారు. సీనరేజి, దాని మీద జరిమానా కలిపి తొమ్మిది లక్షల నలభై వేలు కట్టమన్నారు. కట్టకపోతే జప్తు.

ఆ గొయ్యి ఎలా పడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2022 జూలై వరదలో మా చేను పక్కన గట్టుకు బుంగ పడినప్పుడు మీరే అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టరు. మీరే పరుగెత్తుకొచ్చి, "ప్రసన్నా, మట్టి కావాలే. దగ్గర్లో ఇంకెక్కడా మెరక లేదు" అన్నారు. తవ్వుకోండి అన్నాను. మూడు పగళ్ళు ట్రాక్టర్లు తిరిగాయి. గట్టు నిలిచింది, ఊరు నిలిచింది. కాగితం రాయించుకోవాలని ఆ రోజు ఎవరికి తోస్తుంది?

అమలాపురంలో దుర్గాశ్రీనివాస్ గారని వకీలు. ఆయన చేత అప్పీలు వేయించాం. వరద మట్టి సంగతి మీ శాఖ కొలతల పుస్తకంలో రాసే ఉంటుంది, అక్కణ్ణుంచి తెప్పిస్తానన్నారు. కాబట్టి ఆ విషయంలో మీకు శ్రమ ఇవ్వను.

నేను అడిగేది వేరే. అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదట. ఆగాలంటే రెండు లక్షలు డిపాజిట్ కట్టి, మిగతా ఏడు లక్షల నలభై వేలకు ఆస్తి ఉన్న మనిషి పూచీకత్తు ఇవ్వాలి. అప్పీలు ఓడిపోయి మేం కట్టలేకపోతే ఆ ఆస్తి మీదకి వస్తారన్నమాట. నా గాజులు బ్యాంకులో పెట్టి రెండు లక్షలు కట్టేశాం. పూచీకి మా చేను పనికిరాదు, గొడవంతా దాని మీదే కనుక. మలికిపురంలో మీ నలభై సెంట్ల కొబ్బరితోట చూపిస్తారా? డిసెంబరు పది లోపల ఇవ్వాలి.

మీరు కాదనరనే నమ్మకంతో రాస్తున్నాను.

మీ మేనకోడలు
ప్రసన్న


పార్వతీపురం,
14-11-2025

చి.సౌ. ప్రసన్నకుమారికి,

దేవుడు నిన్నూ నీ కుటుంబాన్నీ కాపాడును గాక. నీ ఉత్తరం 8వ తారీకున అందింది. మఫ్లరు కట్టుకుంటున్నాను.

ముప్పై ఎనిమిదేళ్ళు ప్రభుత్వ కొలువు చేసినవాడిగా నీకు రెండు మాటలు చెబుతాను. ఇలాంటి వాటిలో తొందరపడకూడదు. మొదట వాయిదా అడగండి. తర్వాత మళ్ళీ కొలిపించమని అర్జీ పెట్టండి. దానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత మళ్ళీ వాయిదా అడగవచ్చు. వచ్చే ఆగస్టు దాకా లాగితే అధికారులు మారతారు, వేడి చల్లారుతుంది.

వరద సంగతి ఎత్తవద్దని మీ వకీలుకి చెప్పు. అది అత్యవసర పని. అప్పటి రికార్డులు ఎలా ఉన్నాయో ఎవరికి తెలుసు? ప్రభుత్వ పుస్తకాలు కెలికితే లాభం కంటే నష్టమే ఎక్కువ.

తోట విషయం. అది నా ఒక్కడిదే అయినా, తర్వాత స్టెల్లాకి చేరవలసింది. నా బతుకు ఆమె దగ్గర గడుస్తోంది. ఆమె ఆస్తిని చిక్కులో పెట్టే హక్కు నాకు లేదనిపిస్తోంది. అన్యథా భావించకు. స్టెల్లా ఫోనులోంచి ఇరవై వేలు పంపించాను, ఖర్చులకు వాడుకో.

ఇక్కడ కొబ్బరికాయ నలభై రూపాయలు, అందులోనూ ముదురుకాయ. పచ్చడిలో రుచే లేదు. చెవిలో పెట్టుకునే మిషను రెండోసారి పాడైంది, పెడితే ఈల వేస్తోంది. మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య అబ్రహాము


ఆముదాలంక,
24 నవంబరు 2025

మామయ్యగారికి,

వందనాలు. మీరు పంపిన ఇరవై వేలు వదిన ఫోనుకే తిరిగి పంపించాను. కోపంతో కాదు. నేను అడిగింది అది కాదు గనుక.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. తర్వాత, "ఆ తోటలో సగం నాదేనే. అన్నయ్యకి ఆడపిల్ల ఉంది, ఒక్కడి జీతమని నేనే వద్దని సంతకం పెట్టేను. అప్పుడు స్టెల్లా గుర్తుకొచ్చినప్పుడు, ఇప్పుడు నా కూతురు గుర్తుకు రాలేదా?" అంది. నేను ఏమీ కల్పించి రాయడం లేదు. అన్న మాట అన్నట్టే రాశాను.

శుక్రవారం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి ట్రాక్టరు, ట్రక్కు, ఇటుక అచ్చులు, ఆఖరికి నీళ్ళ మోటారు కూడా రాసుకుని వెళ్ళాడు. "మేడమ్, నా చేతుల్లో ఏం లేదండి. పదో తారీకు దాటితే తాళం వేసేస్తామండి" అన్నాడు. మర్యాదస్తుడే. మజ్జిగ తాగి వెళ్ళాడు.

అతను వెళ్ళాక రామలక్ష్మి వచ్చింది. మా దగ్గర ఇటుకలు కోసే పదమూడు కుటుంబాలకు ఆవిడే పెద్ద. కొంగులోంచి పాలిథీన్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. అందులో ప్రభుత్వం ఇచ్చిన మూడు సెంట్ల ఇంటి పట్టా. "ఇది పెట్టండమ్మగారూ. బట్టీ ఆగిపోతే మాకు ఇల్లుండి ఏం లాభమండి?" అంది. వకీలుగారిని అడిగితే, ప్రభుత్వం ఇచ్చిన స్థలం పూచీకి చెల్లదన్నారు. కవరు తిరిగి ఇస్తుంటే ఆవిడ ముఖం చిన్నబోయింది. పనికిరాని కాగితం ఇచ్చినవాళ్ళు అలా ఉన్నారు.

వాయిదాలు అడగమన్నారు. పూచీ లేనిదే వాయిదా ఎవరిస్తారు మామయ్యా? వరద సంగతి ఎత్తవద్దంటే ఇక మేం చెప్పుకోవడానికి ఏముంది? వకీలుగారు సమాచార హక్కు కింద అప్పటి కొలతల పుస్తకం నకలు అడిగేశారు. ఏ రోజు ఎంత మట్టి పడిందో, ఎవరు సంతకం పెట్టారో అన్నీ అందులో ఉంటాయట.

ఉంటాను.

ప్రసన్న


పార్వతీపురం,
1-12-2025

ప్రసన్నకి,

సమాచార హక్కు పెట్టమని ఎవరు చెప్పారు? ఎత్తవద్దని రాశాను కదా. మొదటి ఉత్తరంలోనే "మీకు శ్రమ ఇవ్వను" అని నువ్వు రాసినప్పుడే నాకు అర్థమైంది. తోట ఇస్తావా, లేక పుస్తకం బయటికి తీయమంటావా అని అడగడమే కదా అది? కూతురిలాంటిదానివి, ఇలా చుట్టూ తిప్పి మెడకు వేయాలా? అమ్మ చేత పాత సంతకం మాట కూడా అనిపించావు.

మీ బట్టీ వెలగడానికి నేను కాలవలసి ఉంటే సరే. అలాగే కానివ్వండి.

అబ్రహాము


ఆముదాలంక,
8 డిసెంబరు 2025

మామయ్యగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దేవుని తోడు, మీరు ఏమంటున్నారో నాకు అర్థం కాలేదు. శ్రమ ఇవ్వనని రాశానంటే, చెవి వినపడని మనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పడం ఎందుకని. అంతే. పుస్తకం బయటికి వస్తే మీకేమిటి?

ఆ ప్రశ్న అమ్మని అడిగాను. అమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే, "మా అన్నయ్య చిన్నప్పటి నుంచీ అంతేనే. తప్పు చేస్తే ముందు ఎదుటివాళ్ళ మీద అరుస్తాడు. ఏదో సంతకం పెట్టేడు" అంది.

నిజమా మామయ్యా?

వకీలుగారు సమాచార హక్కు అర్జీ వెనక్కి తీసుకుంటానన్నారు. నేనే అడిగాను. కారణం చెప్పలేదు. చెప్పడానికి నాకూ తెలియదు. డిపాజిట్ కట్టాం కనుక పూచీకి మాత్రం జనవరి పది దాకా గడువు పొడిగించారు. మీరు తోట ఇవ్వకపోయినా సరే, నన్ను అలా అనుకోవద్దు. చిన్నప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని లాకుల దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళు ఎలా వదులుతారో చూపించిన మనిషిని మెలిపెట్టి అడుగుతానా?

జవాబు రాయండి. కోపంగానైనా సరే.

ప్రసన్న


పార్వతీపురం,
17-12-2025

నా తల్లి ప్రసన్నకి,

మీ అమ్మ చెప్పింది నిజం.

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు, స్టెల్లాకి కూడా.

ఆ మూడు రోజులూ మట్టి మొత్తం నీ చేనులోదే. ఐదు వందల పైచిలుకు ట్రక్కులు. నా చేత్తో గీతలు గీసి లెక్క పెట్టాను. పదిహేను వందల క్యూబిక్ మీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. వరద తీసిన రెండు వారాలకు కాంట్రాక్టరు బిల్లు తయారైంది. అందులో నీ చేను లేదు. పద్నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి కంకర మట్టి లారీల మీద తెచ్చినట్టు ఉంది. మట్టి ఖరీదు, మోత కూలి అన్నీ అతనికి వస్తాయి. కొలతల పుస్తకంలో కింద వర్క్ ఇన్‌స్పెక్టరు సంతకం కావాలి.

రెండు రోజులు పెట్టలేదు. మూడో రోజు నా పైఅధికారి పిలిచి, "ఏంటండీ అబ్రహాము గారూ, ఇంకో పది నెలల్లో రిటైరవుతున్నారు. మీ పెన్షను కాగితాలు నా బల్ల మీదికే వస్తాయి కదండీ" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి చెప్పారు. సంతకం పెట్టాను. బయటికి వస్తుంటే కాంట్రాక్టరు మనిషి నా చొక్కా జేబులో పదిహేను వేలు పెట్టాడు. తీసి విసిరి కొట్టానని నీకు రాయాలని ఉంది. తీయలేదు ప్రసన్నా. ఇంటికి తెచ్చాను.

నీ చేనుకు నష్టం రాదనుకున్నాను. గొయ్యి పూడిపోతుంది, ఎవరు చూస్తారు అనుకున్నాను. నీ దగ్గర మట్టి అడిగి తీసుకున్నది నేనే. అది నీ దగ్గర తీసుకోలేదని రాసిందీ నేనే. ఇప్పుడు నువ్వు దొంగవైతే, అది నా సంతకం వల్ల.

రిటైరైనవాడి చేతికి నాలుగేళ్ళలోపు అభియోగ పత్రం అందకపోతే ఇక ఆ సంగతి తవ్వరని మా పెన్షనర్ల సంఘంలో చెప్పారు. ఆ సంతకానికి నాలుగేళ్ళు నిండేది వచ్చే జూలై నెలాఖరుకి. అందుకే ఆగస్టు దాకా లాగమన్నాను. నీ మంచికి చెబుతున్నట్టు చెప్పాను.

తోట గురించి స్టెల్లాని అసలు అడగనే లేదు. నువ్వు తోట అడగ్గానే కేసు, కేసు అనగానే పుస్తకం కళ్ళ ముందు కనిపించాయి. తోట నాకు అడ్డం పెట్టుకోవడానికి దొరికిన మాట. నిన్న స్టెల్లాని అడిగాను. "ఇంతకాలం ఎందుకు ఆగేరు నాన్నా, ప్రసన్నకి కాక ఎవరికి ఇస్తాం?" అని కాగితం మీద రాసి చూపించింది.

క్రిస్మస్ కాగానే వస్తాను. పూచీ ఇస్తాను. కానీ మట్టి గురించి సాక్ష్యం మాత్రం ఆగస్టు తర్వాత అడగండి. అంత ధైర్యం ఇంకా లేదు. ఈ మందులూ ఈ చెవీ, స్టెల్లా ఒక్క జీతం. పెన్షను పోతే ఆమెకు బరువవుతాను.

మీ అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు. తను విన్నదని నాకు తెలియాలి.

మామయ్య


ఆముదాలంక,
12 జనవరి 2026

మామయ్యగారికి,

మీరు క్షేమంగా చేరారని వదిన మెసేజి పెట్టింది. స్టే వచ్చింది. తొమ్మిదో తారీకు సాయంత్రం నాలుగింటికి వకీలుగారు ఫోను చేసి, "పూచీ ఒప్పుకున్నారండి. ఇంక మీ ట్రాక్టరు జోలికి ఎవరూ రారండి" అన్నారు. మా ఆయన వెంటనే వెళ్ళి ట్రాక్టరు కడిగాడు. ఎందుకు కడిగాడో ఆయనకే తెలియదు.

ఆ రోజు తోట చూడ్డానికి వచ్చిన వీఆర్వో మాటలు మీకు చెప్పాలి. మీ పక్కనే నిలబడి ఉన్నా మీకు వినపడలేదు కదా. చెట్లు లెక్కపెట్టి, పక్క రైతుని, "ఈయన ఎవరికి పూచీ ఇస్తున్నారండి, కొడుక్కా?" అని అడిగాడు. "కాదండి, మేనకోడలికండి" అన్నాడాయన. "మేనకోడలికా! ఈ రోజుల్లో కొడుక్కే ఇవ్వట్లేదండి ఎవరూ. ఓడిపోతే తోట పోద్దని తెలుసునా ఆయనకి?" అన్నాడు వీఆర్వో. అప్పుడే మీరు నా వైపు తిరిగి, ఏమంటున్నాడని అడిగారు. కాయలు బాగున్నాయంటున్నాడని చెప్పాను. అబద్ధం చెప్పాను, క్షమించండి.

మీరు ఇక్కడున్న మూడు రోజులూ అమ్మ మీతో మాట్లాడలేదని మీరు బాధపడ్డారు. మాట్లాడకపోవడం కాదు. గట్టిగా అరిస్తే గాని మీకు వినపడదు, ఆ మాటలు అరిచి చెప్పేవి కావట. మీరు బస్సెక్కాక నా కూతురి నోటు పుస్తకం తెచ్చుకుని నాలుగు పంక్తులు రాసింది. ఆవిడ రాయడం నేను చూసి ఏళ్ళయింది. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. రాతలో తప్పులు సరిచేస్తానంటే చెయ్యనివ్వలేదు.

ఆగస్టు సంగతి మీరు బెంగపెట్టుకోవద్దు. వాయిదాలు అడుగుతాం. మీ పేరు, ఆ పుస్తకం నా నోట రావు. వకీలుగారికి కూడా చెప్పలేదు. ఇక్కడ పని బాగానే ఉంది.

మీ
ప్రసన్న

(జతపరచిన కాగితం)

అన్నయ్యా నువ్ తోట ఇచ్చేవు. సంతోసం. తోట నేనూ ఇచ్చేనొకప్పుడు. తోట ఇవ్వడం తేలికే. ఆ మట్టి మాట ప్రసన్న దగ్గర్నించి తీసుకున్నావ్ కదా అది కూడా తిరిగిచ్చేయి. చెల్లెలు కాంతమ్మ.


పార్వతీపురం,
20-2-2026

ప్రసన్నా,

పని బాగానే ఉందని రాశావు. మొన్న స్టెల్లా మీ అమ్మతో వీడియోలో మాట్లాడుతుంటే నేనూ పక్కన కూర్చున్నాను. మీ అమ్మ వెనక బట్టీ కనపడింది. దాని మీద ఊక బూడిద లేదు, పొగ లేదు. అచ్చు కోసిన ఇటుక ఒక్కటీ లేదు. ఆవరణలో గడ్డి మొలిచింది. ఫిబ్రవరి నెలలో! చెవులు పోయినా కళ్ళు ఉన్నాయి నాకు.

స్టెల్లా చేత అడిగించాను. అప్పీలు తేలేవరకు కొత్తగా మట్టికి అనుమతి ఇవ్వరట కదా. అంటే నువ్వు అడిగే ఒక్కొక్క వాయిదా నీ సీజనులో ఒక్కొక్క నెల. రామలక్ష్మి వాళ్ళు యానాం వైపు రొయ్యలు వలిచే పనికి వెళ్ళిపోయారట. పదమూడు కుటుంబాలూ. నా ఒక్కడి నాలుగేళ్ళు నిండడానికి.

ఇది ముందే ఎందుకు చెప్పలేదు? చెబితే నాకు ఎలా ఉంటుందో అని ఆగావు. నాకు తెలుసు. నువ్వు నా మీద జాలిపడి దాచావు, నేను భయపడి దాచాను. ఇద్దరి దాపరికానికీ ఎవరెవరో రొయ్యలు వలుస్తున్నారు.

మీ అమ్మ కాగితం బైబిల్లో పెట్టుకున్నాను. రోజూ కనపడుతోంది.

నిన్న నోటరీ దగ్గరికి వెళ్ళి ప్రమాణ పత్రం చేయించాను. అసలు కాగితం అప్పీలు వినే అధికారికి రిజిస్టరు పోస్టులో పంపించాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు. ముఖ్యమైన భాగం నీకు రాస్తున్నాను:

"2022 జూలైలో ఆముదాలంక ఏటిగట్టు బుంగ పూడ్చడానికి వాడిన మట్టి సుమారు పదిహేను వందల క్యూబిక్ మీటర్లు. అది పూర్తిగా శ్రీమతి ప్రసన్నకుమారి గారి చేను నుంచి, నేను కోరగా, ఆమె ఉచితంగా ఇచ్చినది. వేరే చోటు నుంచి తెచ్చినట్టు కొలతల పుస్తకంలో ఉన్న రాత అబద్ధం. అది అబద్ధమని తెలిసే నేను సంతకం చేశాను. అందుకు పదిహేను వేల రూపాయలు తీసుకున్నాను. ఆమె నా మేనకోడలు. ఆమె అప్పీలుకు పూచీ ఇచ్చినది కూడా నేనే."

ఆ పదిహేను వేలు తిరిగి కట్టేద్దామని ట్రెజరీకి వెళ్ళాను. ఏ పద్దు కింద జమ చేసుకోవాలో తెలియదన్నారు. "లంచం వాపసు అని పద్దు లేదండి తాతగారూ" అని అక్కడి అమ్మాయి కాగితం మీద రాసి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. డబ్బు జేబులో పెట్టుకుని తిరిగొచ్చాను.

వాయిదాలు అడగడం ఆపండి.

మామయ్య


ఆముదాలంక,
30 ఏప్రిల్ 2026

మామయ్యగారికి,

మధ్యలో రెండు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. మీరు చేసినదానికి ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడు రాయడానికి విషయం ఉంది.

మొదటి విచారణ మార్చి పదహారున జరిగింది. అధికారి కొత్తాయన, మెత్తటి మనిషి కాదు. మీ ప్రమాణ పత్రం ముందు పెట్టుకుని నన్ను లేవమన్నారు.

"ఈ అబ్రహాము గారు మీకేమవుతారు?"

"మేనమామండి."

"పూచీ ఇచ్చింది ఈయనేనా?"

"ఆయ్, ఈయనేనండి."

"అంటే మీరు ఓడిపోతే ఈయన తోట పోతుంది. ఆ తోట కాపాడుకోవడానికి ఈయన ఏమైనా రాస్తారు కదమ్మా? ఈ మాట నేనెందుకు నమ్మాలి?"

మీరు పూచీ ఇవ్వడమే మీ సాక్ష్యానికి అడ్డమవుతుందని ఎవరం అనుకోలేదు. అప్పుడు వకీలుగారు లేచారు. "అయ్యా, తోట ఖరీదు ఎనిమిది లక్షలండి. ఈ కాగితం వల్ల ఆయన పెన్షను పోవచ్చు, కేసు కావచ్చు. ఎనిమిది లక్షల కోసం అంత రాసుకునే మనిషి ఉంటాడాండి?" అన్నారు. అధికారి కాగితం ఇంకోసారి మొదటి నుంచి చదివారు.

ఏప్రిల్ రెండున ఆయనే స్వయంగా వచ్చారు. ఎండలో చేనూ గట్టూ తిరిగారు. బుంగ పూడ్చిన చోట నాలుగు అడుగులు తవ్వించారు. కంకర మట్టి ఒక్క గుప్పెడు రాలేదు. చివికిన గోనెసంచులు, వాటిలో మా చేను నల్లమట్టి. నా అరచేతిలో ఆ సంచి మట్టి ముద్ద ఒకటి, గోతి అంచు నుంచి తెచ్చిన ముద్ద ఇంకోటి పెట్టమన్నారు. రెండూ పక్కపక్కన చూశారు. వాటిని సంచుల్లో కట్టించి పరీక్షకు పంపించారు.

నిన్న ఆర్డరు వచ్చింది. పదిహేను వందల క్యూబిక్ మీటర్లు కొట్టేశారు. మిగతా నాలుగు వందలకు మాత్రం కట్టాలి. అది మేం నిజంగానే అనుమతికి మించి తవ్వాం మామయ్యా. కిందటేడు మా ఆయన చూసుకోలేదు, నేనూ గట్టిగా అడగలేదు. లక్షా తొంభై ఎనిమిది వేలు. డిపాజిట్లోంచే తీసుకుంటారు. మీ తోట మీద పూచీ రద్దయింది. దస్తావేజు ఇంకా ఆఫీసులోనే ఉంది. సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉన్నాడు, వచ్చే వారం ఇస్తారు.

సీజను అయిపోయింది. ఈ ఏడు బట్టీ కాల్చం. రామలక్ష్మికి ఫోను చేసి చెబితే, "నవంబరుకి వచ్చేస్తామండి. ఈలోపు గడ్డి పీకించండి" అంది.

ఆర్డరు చివర ఒక పేరా ఉంది. మీ ప్రమాణ పత్రం నకలు తగిన చర్య కోసం మీ పాత శాఖకు పంపుతున్నామని రాశారు. వకీలుగారు ఆ పేరా చదవకుండా దాటేయబోయారు. నేను చదవమన్నాను. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, లోపలికి వెళ్ళి చాలాసేపు మోకాళ్ళ మీద ఉంది.

జూలై నెలాఖరుకి ఇంకా మూడు నెలలుంది. ఆఫీసుల్లో కాగితాలు నెమ్మదిగా కదులుతాయంటారు. ఈ ఒక్కసారి నెమ్మదిగా కదలాలని నేను ప్రార్థిస్తున్నాను. ఇలా ప్రార్థించవచ్చో లేదో తెలియదు.

మీ
ప్రసన్న


పార్వతీపురం,
10-7-2026

నా తల్లి ప్రసన్నకి,

నీ ప్రార్థన దాదాపు నెరవేరింది. ఇరవై మూడు రోజులు తక్కువైంది, అంతే.

స్టెల్లాకి ఫిబ్రవరిలోనే అంతా చెప్పాను. రెండు రోజులు నాతో కాగితం మీద కూడా మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ పదిహేను వేలు దేనికి ఖర్చు పెట్టేరు?" అని రాసింది. నాకు గుర్తులేదన్నాను. అది నిజం. అంత పెద్ద తప్పుకి వచ్చిన డబ్బు దేనికి పోయిందో కూడా గుర్తులేదు. అప్పటి నుంచి ఆమె క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ వచ్చింది. జూలై ముప్పై ఒకటి చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. నేను చూడనట్టే ఉన్నాను.

మొన్న ఎనిమిదిన పోస్టుమాన్ వచ్చాడు. నీ ఉత్తరాలన్నీ తెచ్చే కుర్రాడే. రిజిస్టరు కవరు, మా శాఖ ముద్ర. ఏమిటో తెరవకుండానే తెలిసింది. నేను వరండాలోకి వచ్చేసరికి స్టెల్లా గుమ్మంలో నిలబడి అతనితో ఏదో చెబుతోంది. పెదవులు చదవడం నాకు కొంత వచ్చింది. "నెలాఖరు దాకా ఊళ్ళో లేరని రాసి పంపించేయి బాబూ. నీ కాళ్ళు పట్టుకుంటాను" అంటోంది. అతను తల గోక్కుంటున్నాడు. రాసేవాడే. నా మీద వాడికి అభిమానం.

ఒక్క క్షణం నేను తలుపు వెనక్కి జరిగాను ప్రసన్నా. అది కూడా నీకు చెప్పాలి. తలుపు వెనక నిలబడితే సరిపోయేది. ఎవరూ అబద్ధం చెప్పమనలేదు, సంతకం పెట్టమనలేదు. ఊరికే నిలబడాలి. ఇరవై మూడు రోజులు.

బయటికి వచ్చి చేయి చాపాను. స్టెల్లా నా చేయి పట్టుకుంది. విడిపించుకుని సంతకం పెట్టి, పక్కన తారీకు వేశాను. పోస్టుమాన్ నా ముఖం వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

కవరులో అభియోగ పత్రం ఉంది. తప్పుడు కొలతలకు సంతకం చేసినట్టు, డబ్బు పుచ్చుకున్నట్టు. నాతోబాటు అప్పటి పైఅధికారి పేరూ ఉంది. కాంట్రాక్టరు మీద వసూలుకి వేరే చర్య తీసుకుంటారట. పెన్షనులో ఎంత కోస్తారో ఇప్పుడే తెలియదు. పది రోజుల్లో జవాబు ఇవ్వాలి.

స్టెల్లా ఆ సాయంత్రం దాకా వంటింట్లోంచి రాలేదు. నేను బల్ల దగ్గర కూర్చుని జవాబు రాశాను. పెద్దగా రాయడానికి ఏముంది? "నా మీద మోపిన అభియోగాలు నిజం. నేను విచారణ కోరడం లేదు. పదిహేను వేలు ఏ పద్దు కింద కట్టాలో తెలియజేయ ప్రార్థన." దీపాలు పెట్టే వేళకి స్టెల్లా వచ్చి నా భుజం మీంచి వంగి చదివింది. 'అభియోగాలు'లో ఒక ఒత్తు తప్పు పడిందట. నా పెన్ను తీసుకుని దిద్దింది. కవరు మీద అడ్రసు తనే రాసి, చెప్పులు వేసుకుని, పోస్టాఫీసు దగ్గర డబ్బాలో వేసి వచ్చింది.

మీ అమ్మకి చెప్పు.

మామయ్య